ఐ.పి. హవల్దారు ఇంటి అప్పు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. గొప్పకి చెబుతున్న మాట కాదు, కాగితాల్లో ఉన్న మాట. ఆ మాటకొస్తే మా ఇంజనీరింగు ఆఫీసులో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. రోడ్లు వాటంతట అవే కుంగాయి. కల్వర్టులు వాటి ఖర్మకొద్దీ కూలాయి. పైనుంచి మెమో వచ్చినప్పుడల్లా సంజాయిషీ రాసిపెట్టే పని సూపరింటెండెంటునైన నాది. నా చేతిమీదుగా వెళ్ళిన సంజాయిషీకి తిరుగు మెమో వచ్చిన పాపాన పోలేదు. అలాంటి నాకు, రిటైరయ్యాక, తప్పు ఒప్పుకోవడం తప్ప మరేమీ చేతకాని మనిషి అద్దెకు దొరికాడు.

ఆయన పేరు గుబ్బల ముత్యాలరావు. పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చాడు. భార్య సత్యవేణి. ఇద్దరూ మా వెనక వాటాలో ఉంటారు. పొద్దున్నే లేచి తన వాకిలే కాకుండా నా వాకిలీ, దాంతోపాటు వీధిలో సగం ఊడ్చేస్తాడు. అద్దె అడగక్కర్లేదు. కుళాయి చెడితే ఆయనే బాగుచేసి, చెడినందుకు నా దగ్గర క్షమాపణ కూడా చెప్పుకుంటాడు. ఇంటి యజమానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆయనకి కావలసింది మాత్రం సొంత ఇల్లు. పట్టాళం నుంచి రాగానే చేతికొచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టుకుని ఉంటే గొడవే లేకపోయేది. ఆ రోజుల్లో కొల్లేటి పక్కన అందరూ రొయ్యల చెరువులు వేస్తున్నారు. ఈయనా ఓ చెరువు కౌలుకి తీసుకున్నాడు. మొదటి పంట బాగానే వచ్చింది. రెండో పంటకి చేతిలో ఉన్నదంతా పోసి, చాలక అప్పు తెచ్చి, మేత వేశాడు. ఇంకో వారంలో పట్టుబడి, అమ్మకం అనగా తెల్లమచ్చ రోగం తగిలి, రొయ్యలన్నీ గట్టుకొచ్చి చచ్చాయి. అప్పులవాళ్ళు కూడా గట్టుకే వచ్చారు. కోర్టులో ఐ.పి. పెట్టి దివాలా ప్రకటించక తప్పింది కాదు.

ఐ.పి. పెట్టినవాళ్ళని మా జిల్లాలో చాలామందిని చూశాం. ఆర్నెల్లు తిరక్కుండా కొత్త కారు కొంటారు. ముత్యాలరావు అలా కాదు. కోర్టు విముక్తి ఇచ్చాక కూడా పెన్షనులోంచి నెలనెలా తీసి, మేత కొట్టు వాడి దగ్గర్నుంచి మంచు లారీవాడి దాకా అందరికీ చెల్లు వేశాడు. ఇది చూసి మా వీధివాళ్ళు ఆయనకి మతి చెడిందేమోనని కొన్నాళ్ళు బెంగపెట్టుకున్నారు.

అప్పులు తీరేసరికి ఓ మంచి వార్త, ఓ చెడ్డ వార్త కలిసి వచ్చాయి. మాజీ సైనికులకి ప్రభుత్వం ఊరి చివర ఇళ్ళస్థలాలు ఇచ్చింది. మార్చి ఆఖరులోగా పని మొదలుపెట్టకపోతే వెనక్కి తీసుకుంటామని కూడా చెప్పింది. ఏ బ్యాంకుకి వెళ్ళినా 'ఐ.పి.' అన్న మాట వినగానే కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నారు. మిగిలింది ఒక్కటే గుమ్మం, జిల్లా కేంద్రంలోని వీరజవాను గృహ రుణ సంస్థ.

సత్యవేణమ్మ ఎప్పుడూ పైకి ఏమీ అనేది కాదు. కానీ ఆ స్థలం కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం అక్కడికి నడిచివెళ్ళి, పిచ్చిమొక్కలు పీకి వచ్చేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ పసుపు రాసినవన్నీ పరాయి గుమ్మాలే. నా గుమ్మం కూడా అందులో ఒకటి కాబట్టి నాకు కొంచెం సిగ్గనిపించి, సాయం వెళ్ళడానికి ఒప్పుకున్నాను.

వీరజవాను సంస్థ మేనేజరు కొచ్చెర్లకోట సదాశివరావు. ఆయన మాట్లాడుతుంటే గెజెట్ చదువుతున్నట్టే ఉంటుంది.

"సంస్థ యొక్క పదిహేడవ నిబంధన ననుసరించి," అన్నాడు, "దివాలా తీసిన మాజీ సైనికుడు న్యాయస్థానముచే విముక్తుడైన పిమ్మట రుణమునకు అర్హుడే. అయితే సదరు దివాలా, దరఖాస్తుదారుని అదుపులో లేని కారణములచే సంభవించినదై ఉండవలెను. ఆ సంగతి తామే స్వయముగా ఛైర్మనుగారి సమక్షమున విన్నవించుకొనవలెను."

నేను లోలోపల నవ్వుకున్నాను. రోగం వచ్చి రొయ్యలు చావడం కంటే అదుపులో లేనిది ఏముంటుంది? రెండు నిమిషాల పని.

ఛైర్మను రిటైర్డు కల్నల్ చక్రధర్. మీసాలు పైకి, కళ్ళద్దాలు కిందికి. ఆయన ఫైలు తిరగేసి, తలెత్తకుండానే అడిగాడు.

"హవల్దార్! ఈ దివాలా ఎలా జరిగింది?"

ముత్యాలరావు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. మడమలు టప్పున తగిలాయి. గడ్డం పైకి లేచింది.

"గల్తీ హోగయా, సాబ్!"

అంటే, తప్పయిపోయింది దొరా, అని.

 మేనేజరు నిట్టూర్చి కలానికి మూత పెట్టేశాడు. టైపు కొడుతున్నావిడ కూడా ఆగిపోయి చూసింది.

"ఎవరి తప్పు?" అన్నాడు కల్నల్.

"నాదే, సాబ్!"

బయటికొచ్చాక వరండాలో నేను ఆయన మీద పడ్డాను.

"ఏవయ్యా, నీకేమన్నా పిచ్చా? రోగం వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదా?"

"ఏం చెయ్యనండీ సూపర్నెంటుగారూ," అన్నాడు తల గోక్కుంటూ. "పట్టాళంలో ఆఫీసరు ఏదన్నా ఎందుకైందని అడిగితే కారణం చెప్పకూడదండి. కారణం చెప్తే అది ఇంకో తప్పండి. ఆ గొంతు వినపడితే చాలండి, ఆ మాటే వచ్చేత్తాది. నా చేతిలో లేదండి."

"ఆ చేతిలో లేని సంగతే చెప్పమంటున్నారు కదయ్యా లోపల!"

మేనేజరు బయటికొచ్చి ఓదార్చాడు. ఇది ఈయన ఒక్కడి జబ్బు కాదట. సంస్థ పెట్టినప్పటి నుంచీ దివాలా తీసిన జవాను ఒక్కడికి కూడా అప్పు ఇవ్వలేకపోయారట. వచ్చిన ప్రతివాడూ కల్నల్‌గారి గొంతు వినగానే లేచి నిలబడి, తప్పు తనదేనన్నాడట. "ఛైర్మనుగా సైనికాధికారియే ఉండవలెనని మా నియమావళి. సైనికుల యందు ఇంత క్రమశిక్షణ ఉండునని నియమావళి రచించినవారు ఊహించియుండలేదు," అన్నాడు. ఎవరు రచించారని అడిగితే, అది తాను చేరకముందు జరిగిన విషయమని సెలవిచ్చాడు. ఆ మాటతో అభిమానం కలిగింది ఆ మనిషి మీద.

పదిహేను రోజుల తర్వాత మరో అవకాశం ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ మా పెరట్లో నేను కల్నల్‌నయ్యాను. రోజూ సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని, మీసాలు లేకపోయినా ఉన్నట్టు దువ్వుకుంటూ, నాకున్న విద్యంతా ధారపోశాను.

"చూడు హవల్దారూ, సంజాయిషీలో మొదటి మెట్టు వాతావరణం. రెండోది పై ఆఫీసు. మూడోది కింది ఆఫీసు. ఈ మూడూ అయిపోయాక కూడా తప్పు మిగిలితే, అప్పుడు చచ్చిపోయినవాళ్ళెవరైనా ఉన్నారేమో వెతకాలి. మన దాకా రానే రాకూడదు. ఊఁ, చెప్పు. వీధిలో కుళాయి ఎందుకు కారుతోంది?"

"వాషరు అరిగిపోయిందండి."

"భేష్! ఎవరు మార్చాలి?"

"నేనే మార్చాలండి. మర్చిపోయానండి. గల్తీ..."

"ఆగు, ఆగు!"

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, ఒక మనిషిని చెడగొట్టడానికి ఇంత కష్టపడ్డ వాళ్ళని తను ఎక్కడా చూడలేదంది. నేను పట్టించుకోలేదు. సత్యవేణమ్మ మాత్రం మొదటి రోజు అరుగు మీద కూర్చుని విన్నది. చెరువు మాట రాగానే లేచి లోపలికెళ్ళిపోయింది. తర్వాత ఇటువైపు రాలేదు. పోయిన సొమ్ము తలుచుకుని బాధపడుతోందనుకున్నాను.

చివరికి ఒక వాక్యం నేర్చాడు. "సార్, తెల్లమచ్చ రోగం వచ్చిందండి, నా అదుపులో లేదండి." కళ్ళు మూసుకుని, గోడకేసి తిరిగి నిలబడితే తప్పు లేకుండా చెప్పేవాడు.

రెండోసారి కల్నల్ ఎదుట ఆ వాక్యం చెప్పాడు కూడా. నా గుండె పొంగింది. కల్నల్‌ తలూపి, "అయితే నీ బాధ్యత ఏమీ లేదన్న మాట," అన్నాడు.

"ఎందుకుండదు సాబ్? చెరువు నాది, రొయ్య నాది. గల్తీ హోగయా, సాబ్!"

నాకు కళ్ళనీళ్ళొకటే తక్కువ.

మేనేజరు సదాశివరావు మాత్రం చలించలేదు. పదిహేడో నిబంధన కింద ఒక ఉపనిబంధన ఉందట. సంభవించిన నష్టానికి ఏదైనా ప్రభుత్వ శాఖ బాధ్యత వహిస్తే, దరఖాస్తుదారు తన తప్పని ఎంత మొత్తుకున్నా లెక్కలోకి రాదట. "సంబంధిత శాఖల వారిని ఆహ్వానించి 'బాధ్యతా నిర్ధారణ సమావేశము' జరిపెదము. బాధ్యత వహించువారు ఒక్కరు దొరికిన చాలును," అన్నాడు. ఒక్కరు చాలునన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ఆశ చూస్తే జాలేసింది.

మార్చి మూడో వారం సమావేశం. పొడుగాటి బల్ల, తెల్లగుడ్డ, ప్రతి కుర్చీ ముందూ ఓ బిస్కెట్ల ప్లేటు. ఒకవైపు చేపల ఆఫీసరు, కాలవ ఇంజనీరు, కరెంటు ఇంజనీరు. మరోవైపు ముత్యాలరావు, సత్యవేణమ్మ, నేను. స్థలం పోతుందేమోనని ఆవిడ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. పట్టుబట్టి తనూ వచ్చింది.

ముందు చేపల ఆఫీసరు లేచాడు. "సదరు సంవత్సరంలో మా పరిధిలో రోగం లేదు. రోగ నివారణ వారోత్సవాలు దిగ్విజయంగా జరుపుకున్నాం. వారోత్సవాలు జరిగిన చోట రోగం ఉండడానికి ఆస్కారం లేదు. రొయ్యలు చనిపోయిన మాట వాస్తవమైతే, అది వాటి వ్యక్తిగత విషయం. నీటి నాణ్యత గురించి కాలవ వారిని అడగాలి."

కాలవ ఇంజనీరు లేచాడు. "నీరు షెడ్యూలు ప్రకారం వదిలాం. వదలడం వరకే మా పని. చేరడం నీటి పని. చెరువులో గాలి తిప్పే చక్రాలు ఆగిపోయినందువల్ల రొయ్యలకు ఊపిరాడలేదని వినికిడి. అది కరెంటు వారు చెప్పాలి."

కరెంటు ఇంజనీరు లేచాడు. "సరఫరా నిలిచిపోయిన సమయాల్లో మినహా, మిగతా సమయమంతా నిరంతరాయంగా సరఫరా చేశాం. ఆ సమయాల్లో గాలివాన ఉంది. గాలివాన మా శాఖ కింద లేదు."

నేను ముగ్ధుణ్ణైపోయాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఇలాంటి పనితనం చూసి ఎన్నాళ్ళయింది! చప్పట్లు కొట్టబోయి, ఎవరి పక్షాన వచ్చానో గుర్తొచ్చి చేతులు కిందికి దించుకున్నాను.

ఆ తర్వాత మళ్ళీ మొదటివాడు లేచాడు. అలా తప్పు బల్ల చుట్టూ మూడు చుట్లు తిరిగింది. బిస్కెట్లు అయిపోయాయి. కల్నల్‌కి ఓపిక కూడా అయిపోయింది. బల్ల మీద చేత్తో దభీమని కొట్టి గర్జించాడు.

"అయితే తప్పెవరిది?"

టప్పున మడమలు తగిలిన చప్పుడు.

"గల్తీ హోగయా, సాబ్!"

ముగ్గురు అధికారుల మొహాలూ ఒక్కసారి వెలిగాయి. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ వాళ్ళు ఎదురుచూస్తున్న మనిషి దొరికాడు. కాలవ ఇంజనీరు ఫైలు తెరిచి, వినయంగా అడిగాడు. "అయ్యా, పోయిన వర్షాకాలం మా లాకుల దగ్గర గండి పడింది. ఎవరి వల్లో ఇంతవరకూ తేలలేదు. కల్నల్‌గారూ, తమరు దాని గురించి కూడా ఓసారి ఆ గొంతుతోనే అడిగితే..."

కల్నల్‌ చిరాకులో ఉన్నాడు. "ఆ గండి సంగతేమిటి?" అని అరిచాడు.

"గల్తీ హోగయా, సాబ్!"

ఇక ఆగలేదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు, తిరగబడిన పడవ, పాడైపోయిన చేప పిల్లల లారీ, ఒక్కొక్కటే వచ్చి ముత్యాలరావు ఖాతాలో పడ్డాయి. ఆయన కళ్ళార్పకుండా సావధాన్‌లో నిలబడి, అన్నీ తలకెత్తుకున్నాడు. మేనేజరు చకచకా రాసుకుంటున్నాడు. టైపు కొట్టే ఆవిడ కూడా తన మిషన్లో ఓ అక్షరం విరిగిందని చెప్పి, దాని సంగతి కూడా చూడమంది.

అంతా రాసి మేనేజరు లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"శాఖల వారందరూ నిర్దోషులని తేలినది. జిల్లాలోని సమస్త వైఫల్యములకూ దరఖాస్తుదారుడే కారకుడని ఆయన వాంగ్మూలము వలన స్పష్టమైనది. కాలవలకు గండ్లు కొట్టి, విద్యుత్తును నిలిపివేసి, రొయ్యలకు రోగము తెప్పించిన వ్యక్తికి గృహ రుణము మంజూరు చేయుట సంస్థకు శ్రేయస్కరము కాదు. దరఖాస్తు తిరస్కరింపబడినది."

 సంజాయిషీల్లో తలపండినవాణ్ణి, ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. ముత్యాలరావు అలాగే నిలబడి ఉన్నాడు, కానీ గడ్డం కొంచెం కిందికి దిగింది. ఆ స్థలం పోయింది. అది చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు సత్యవేణమ్మ లేచింది.

"అయ్యా, తప్పు ఆయనది కాదండి. నాదండి."

అందరూ తలలు తిప్పారు.

"రోగం ఇంకా రాకముందే కొనేవోళ్ళు మంచు లారీ ఏసుకుని చెరువు కాడికి వచ్చారండి. ఈయన ఇచ్చేద్దాం అన్నారండి. ఆ వచ్చే డబ్బుకి రేకులిల్లు పడుద్దండి. నాకు రేకులొద్దండి, సలాబు పోసిన డాబాయే కావాలన్నాను. ఇంకో వారం ఉంచితే రొయ్య బరువు తూగుద్ది, సలాబు పడుద్దని పట్టుబట్టానండి. లారీని ఎనక్కి పంపించింది నేనండి." ఆవిడ మొగుడికేసి చూడకుండా బల్ల అంచు పట్టుకుంది. "వారం తిరక్కుండా రోగమొచ్చిందండి. ఆ రోజు కాడ్నించీ ఈయన ఏ కోర్టులోనైనా, ఎవరడిగినా, నాదే తప్పంటున్నారండి. నేను వింటా ఉన్నాను, నోరెత్తలేదండి. ఇంక నా వల్ల కాదండి."

పెరట్లో చెరువు మాట రాగానే ఆవిడ ఎందుకు లేచిపోయిందో అప్పటికి నా బుర్రకెక్కింది.

ముత్యాలరావు పట్టాళంలో చేరాక మొదటిసారి అనుకుంటాను, అనుమతి లేకుండా మాట్లాడాడు.

"నువ్వు ఊరుకోవే! సాబ్, ఆవిడ మాట పట్టించుకోకండి. చెప్పింది ఆవిడే, విన్నది నేను. వినడం నా తప్పు కదండీ."

"ఊరికే ఇన్నారేంటండీ, నేను ఏడిత్తే ఇన్నారు! తప్పు నాదే రాసుకోండి బాబూ."

"రాయకండి సాబ్! చెరువు నా పేరున ఉంది. అప్పు నా పేరున ఉంది."

"పేరు మీదైతే అయ్యింది, పట్టు నాది కదా!"

తప్పు కోసం ఇద్దరు మనుషులు పోట్లాడుకోవడం ఆ అధికారులు పుట్టాక చూసి ఉండరు. చేపల ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కరెంటు ఇంజనీరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మేనేజరు నిబంధనల పుస్తకం గబగబా తిరగేశాడు. తప్పును నిరాకరించినప్పుడు ఏం చెయ్యాలో అందులో బోలెడు పేజీలున్నాయట. నాదంటే నాదని కొట్టుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడా లేదట.

కల్నల్‌ లేచి నిలబడ్డాడు.

"హవల్దార్, సావధాన్! ఇది ఆర్డరు. తప్పు మీ ఆవిడదని ఒప్పుకో. నీ లోను ఇప్పుడే ఇచ్చేస్తాను."

ముత్యాలరావు నిటారుగా నిలబడ్డాడు. మాకు ఎదురుగా ఉన్న గెలుపు కళ్ళారా కనిపిస్తోంది. నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కాను.

"ఒప్పుకోను, సాబ్."

ఆ గొంతులో భయం లేదు. కల్నల్‌ ఆయన్ని పైనుంచి కిందికోసారి చూశాడు. తర్వాత కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, మామూలు మనిషిలా సత్యవేణమ్మనడిగాడు.

"అమ్మా, నువ్వు ఏడుస్తూ అడిగితే కాదనడం ఇతని వల్ల అవుతుందా?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "పెళ్ళయిన కాడ్నించీ ఒక్కసారి కూడా అవలేదండి."

"అయితే అది అతని అదుపులో లేని కారణమే. రాసుకో సదాశివరావ్."

మేనేజరు కలం పైకెత్తి తటపటాయించాడు. "నిపుణుల ధ్రువీకరణ కావలసి ఉండును, సార్."

"పెళ్ళయిన వాళ్ళు చేతులెత్తండి," అన్నాడు కల్నల్‌.

ముగ్గురు శాఖాధికారులూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. కొంచెం ఆగి, కలం ఇంకో చేతిలోకి మార్చుకుని, మేనేజరూ ఎత్తాడు. ఆ బల్ల చుట్టూ ఆ రోజు ఏకగ్రీవంగా తేలిన విషయం అదొక్కటే. సంస్థ చరిత్రలో దివాలా తీసిన జవానుకి మంజూరైన మొదటి అప్పు కూడా అదే.

తిరుగు బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు, నేను వాళ్ళ వెనక.  రొయ్యల చెరువులు దాటాక సత్యవేణమ్మ మెల్లగా అంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను ఓ మాట అనలేదేంటండీ?"

"అంటే రొయ్యలు బతికొత్తాయేంటే?"

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఈసారి రేకులే ఏయించండి. నాకు సలాబొద్దు. మళ్ళీ ఏదన్నా అయితే నేను తట్టుకోలేను."

"సలాబే ఏయిద్దాం," అన్నాడు ముత్యాలరావు. "ఏదన్నా అయితే తప్పు చెరి సగం."